రాగికి గాజు నేర్పిన విద్య

కొత్త ఆఫీసుకు ఫాల్స్ సీలింగ్ బిగించకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంటుంది. టేబుల్ టేబుల్‌కూ రాగి తీగ లాగాలా, ఫైబర్ లాగాలా? కేబులింగ్ కాంట్రాక్టరుది ఒక మాట, ఐటీ మేనేజరుది ఇంకో మాట, బిల్లు కట్టే యజమానిది మూడో మాట. ఫైబర్ వచ్చేసింది కాబట్టి రాగి పని అయిపోయిందన్న జోస్యం నలభై ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. రాగి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే ఈ రెండు తీగలూ ఎలా పుట్టాయో, ఆఫీసు గోడల్లోకి ఎలా దూరాయో చూడాలి. ఆ కథ మొదలైంది కంప్యూటర్ల దగ్గర కాదు, గడ్డం పెంచిన ఒక పెద్దమనిషి దగ్గర.

1880లో అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి వాషింగ్టన్‌లో ఒక బడి మేడ మీది నుంచి 213 మీటర్ల అవతల ఉన్న తమ ప్రయోగశాల కిటికీకి మాటను ఎండ మీద పంపారు. పల్చటి అద్దం వెనక నిలబడి మాట్లాడితే గొంతుకు అద్దం అదురుతుంది. దాని మీద పడి పోయే ఎండ ఆ అదురుకు తగ్గట్టు పెరుగుతుంది, తగ్గుతుంది. అవతల ఉన్న సెలీనియం పరికరం ఆ హెచ్చుతగ్గులను కరెంటుగా మార్చి రిసీవర్‌లో వినిపిస్తుంది. దీనికి ఫోటోఫోన్ అని పేరు పెట్టారు. టెలిఫోన్ కంటే ఇదే తన గొప్ప ఆవిష్కరణ అని బెల్ నమ్మకం. మబ్బు పట్టినా మంచు కమ్మినా అది మూగబోయేదనుకోండి, అది వేరే విషయం.

మరుసటి ఏడాది, 1881లో, అదే బెల్ ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. అప్పటి ఫోన్ లైను అంటే ఒంటి తీగ. కరెంటు తిరిగి రావడానికి భూమినే దారిగా వాడుకునేవారు. పక్కన టెలిగ్రాఫ్ తీగ పోతుంటే దాని టకటకలన్నీ ఫోన్‌లోకి వచ్చిపడేవి. బెల్ చెప్పిన ఉపాయం ఇదీ: ఒక తీగ బదులు రెండు వాడండి, రెంటినీ మెలిపెట్టండి. అప్పుడు బయటి రొద రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి కొసన రెంటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటే సమానంగా పడిన రొద కొట్టుకుపోయి, పంపిన మాట మిగులుతుంది.

అంటే వెలుతురు పక్షానికీ రాగి పక్షానికీ ఆదిపురుషుడు ఒక్కడే. తనకు ఇష్టమైన బిడ్డ నూరేళ్లు మంచానపడింది. పెద్దగా పట్టించుకోని బిడ్డ లోకమంతా తిరిగింది.

మీ ఆఫీసులో పాత లాన్ కేబుల్ ముక్క ఏదైనా ఉంటే కోసి చూడండి. క్యాట్ 6 అయితే పై తొడుగు కింద నాలుగు జంటలుంటాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు, ఒక్కోదానికీ తెల్ల తీగ జోడు. చాలావాటిలో నడుమ కూడిక గుర్తు ఆకారంలో ఒక ప్లాస్టిక్ బద్ద కూడా ఉంటుంది, జంటలు ఒకదానికొకటి తగలకుండా. నాలుగు జంటలనూ పక్కపక్కన పరిస్తే మెలికలు ఒకేలా ఉండవు. ఒకటి బిగుతుగా, ఇంకొకటి కాస్త వదులుగా ఉంటుంది. అన్నీ ఒకే కొలతలో తిప్పితే పక్క జంట సంకేతం ఈ జంటలోకి దూరుతుంది కాబట్టి ఫ్యాక్టరీలో కావాలనే వేరువేరుగా తిప్పుతారు. కొసన ఆర్‌జే45 కనెక్టరు బిగించేటప్పుడు మెలికను అర అంగుళానికి మించి విప్పొద్దని చెప్పేది కూడా ఇందుకే. తొందరలో రెండు మూడు అంగుళాలు విప్పేసే కుర్రాడు 1881 నాటి రొదను చేజేతులా మళ్లీ లోపలికి పిలుస్తాడు.

వెలుతురు సంగతికొస్తే, దానికి కావలసింది మబ్బూ మంచూ తగలని గొట్టం. గాజు పోగులో ఒక కొసన వెలుతురు వేస్తే అది లోపలి గోడలకు తగిలి తగిలి రెండో కొసన వస్తుందని పందొమ్మిదో శతాబ్దంలోనే తెలుసు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి వేల పోగులను కట్టగా కట్టి, వంకర తిప్పి, దాని గుండా బొమ్మను పంపాడు. 1954 జనవరిలో 'నేచర్' పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. అదే పత్రికలో హాలండ్‌కు చెందిన అబ్రహాం వాన్ హీల్, పోగుకు వేరే పదార్థంతో తొడుగు వేస్తే వెలుతురు బయటకు కారదని రాశాడు. డాక్టర్లు దీన్ని అందిపుచ్చుకుని పొట్టలోకి చూసే ఎండోస్కోపులు చేసుకున్నారు. టెలిఫోన్ వాళ్లు మాత్రం ముఖం తిప్పుకున్నారు. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. అప్పటి పోగుల్లో నష్టం మీటరుకు ఒక డెసిబెల్. ఆ లెక్కన 20 మీటర్లు వెళ్లేసరికి వేసిన వెలుతురులో నూరో వంతే మిగిలేది. పొట్టకు అది చాలు, ఊళ్ల మధ్య ఫోన్లకు చాలదు.

ఇంగ్లండ్‌లోని హార్లోలో స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ 1966లో ఒక మాట అన్నారు. వెలుతురును మింగుతున్నది గాజు కాదు, గాజులో కలిసిపోయిన ఇనుము లాంటి మలినాలు. వాటిని తీసేస్తే నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు దించొచ్చు, అంతకు దిగితే ఫోన్లకు పనికొస్తుంది. ఇంతకుముందు 20 మీటర్లకు మిగిలిన నూరో వంతు ఇప్పుడు కిలోమీటరు అవతల మిగలాలన్నమాట. యాభై రెట్లు. విన్న గాజు కంపెనీలు చాలావరకు నవ్వి ఊరుకున్నాయి.

నవ్వని కంపెనీ అమెరికాలోని కార్నింగ్. అక్కడ రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ మామూలు గాజును వదిలేసి, మహా వేడి పెడితే తప్ప మెత్తబడని శుద్ధ సిలికాను పట్టుకున్నారు. అందులో చిటికెడు టైటానియం కలిపి నడిమి భాగం చేశారు. 1970 ఆగస్టులో ఒక శుక్రవారం, అందరూ ఇళ్లకు పోయే వేళ, కెక్ కొత్త పోగులోకి లేజర్ కిరణం వేసి కొలిచాడు. వచ్చిన లెక్క కిలోమీటరుకు 17 డెసిబెల్స్. నోటుపుస్తకంలో ఆ అంకె పక్కన ఒక కేరింత రాసుకున్నాడు. ఆ పోగు పెళుసు, వంచితే విరిగేది. రెండేళ్లకు టైటానియం బదులు జెర్మేనియం కలిపి 4 డెసిబెల్స్‌కు దింపారు, పెళుసుతనం కూడా పోయింది. ఇవాళ్టి పోగుల్లో నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్. అదే నూరో వంతు వంద కిలోమీటర్ల తర్వాత మిగులుతోంది. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. కపానీకి రాలేదేమని మనవాళ్లు ఇప్పటికీ బాధపడతారు. ఆ బాధలో న్యాయం లేకపోలేదు కానీ, కపానీ చూపింది వెలుతురు వంగుతుందని. ఊళ్లు దాటుతుందని లెక్క కట్టింది కావో.

ఇక ఆఫీసులోకి వద్దాం.

కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో 1973 నాటికి ఒక్కో మనిషికి ఒక్కో ఆల్టో కంప్యూటర్, అందరికీ కలిపి ఒక లేజర్ ప్రింటరు ఇవ్వాలన్న ప్రయత్నం నడుస్తోంది. అప్పట్లో అది వింత. ఆ యంత్రాలన్నింటినీ కలిపే పని రాబర్ట్ మెట్‌కాఫ్ మీద పడింది. హవాయి దీవుల్లో నార్మన్ అబ్రామ్సన్ నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్ ఆయనకు దారి చూపింది. అందులో ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెప్పేయడమే. ఇద్దరివీ ఢీకొంటే కాసేపాగి మళ్లీ చెప్పడం. మెట్‌కాఫ్ ఆ పద్ధతికి మెరుగులు దిద్ది, గాలిలోంచి తెచ్చి ఒక తీగలో పెట్టాడు. 1973 మే 22న రాసిన మెమోలో ఈథర్నెట్ అన్న పేరు వచ్చింది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని నడిపించాడు. వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1980లో డెక్, ఇంటెల్, జెరాక్స్ కలిసి దాన్ని 10 మెగాబిట్లకు పెంచి నలుగురికీ విడుదల చేశాయి. 1983లో అది ఐఈఈఈ ప్రమాణమైంది.

ఆ మొదటి తీగను ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. వేలంత లావు కోయాక్సియల్ కేబుల్, తరచుగా పసుపు రంగు, వంచితే మొరాయించేది. గోడ వెంబడో సీలింగ్ పైనో ఒకటే తీగ 500 మీటర్ల దాకా పాములా సాగేది. ప్రతి రెండున్నర మీటర్లకూ ఒక నల్ల గీత. కంప్యూటర్‌ను కలపాలంటే ఆ గీత దగ్గరే కలపాలి, ఇంకెక్కడ కలిపినా సంకేతాలు వెనక్కి తగిలి పాడవుతాయి. కలిపే పద్ధతి విచిత్రం: తీగను కొయ్యరు. గీత దగ్గర ఒక బిగింపు పెట్టి, చిన్న డ్రిల్లుతో తొడుగునూ లోపలి అల్లికనూ తొలిచి, నడిమి రాగికి తగిలేలా సూది దింపుతారు. మెడకు కోర పెట్టినట్టు ఉంటుందని దానికి వ్యాంపైర్ ట్యాప్ అన్న పేరు స్థిరపడింది. సూది కాస్త పక్కకు పోయి అల్లికకు తగిలిందా, ఆ తీగ మీద ఉన్న కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా మూగబోయేవి. ఎక్కడ తగిలిందో వెతకడానికి సీలింగ్ పలకలు తీసుకుంటూ నిచ్చెన జరుపుకుంటూ పోవడమే.

తర్వాత వచ్చిన సన్న కోయాక్సియల్ చవక. 185 మీటర్లు, కంప్యూటర్ వెనక టి ఆకారపు కనెక్టరు, రెండు కొసల్లో 50 ఓమ్‌ల టెర్మినేటర్. తొంభైల్లో మన ఊళ్లలో కంప్యూటర్ సెంటర్లు పెట్టినవాళ్లకు ఈ టెర్మినేటర్ అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊడ్చే మనిషి చీపురు తగిలి ఒక కనెక్టరు ఊడితే ల్యాబ్ మొత్తం ఆగేది.

రాగికి ఇన్ని తంటాలున్నాయి కదా, గాజుకు మారితే పోలా అని మొదట అడిగినవాళ్లలో మెట్‌కాఫ్ కూడా ఉన్నాడు. ఆయనా ఎరిక్ రాసన్ కలిసి ఫైబర్‌నెట్ అన్న ప్రయోగం చేసి 1978లో వ్యాసం అచ్చువేశారు. అక్కడ తేలిన ఇబ్బంది ఒక్కటే, కానీ పెద్దది. రాగి తీగకు ఎక్కడైనా సూది గుచ్చి సంకేతం పట్టుకోవచ్చు. గాజు పోగుకు దారి మధ్యలో కొళాయి పెట్టిన ప్రతిచోటా కొంత వెలుతురు పోతుంది. పది ఇరవై చోట్ల పెడితే చివరి వాడికి చీకటే మిగులుతుంది. అందుకని ఒకటే తీగను అందరి దగ్గరికీ తిప్పడం మానేసి, ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక్కో పోగును నడిమి పెట్టె దగ్గరికి తెచ్చారు. నక్షత్రం ఆకారం. 1983లో అదే పార్క్‌లో రొనాల్డ్ ష్మిట్, రాసన్ బృందం ఆ నడిమి పెట్టెలో ఎలక్ట్రానిక్స్ కూర్చి, వచ్చిన సంకేతాన్ని బలపరిచి అందరికీ పంపేలా ఫైబర్‌నెట్ 2 చేసింది.

ఈ కథలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. నక్షత్రం ఆకారం గాజు లోపాన్ని కప్పిపుచ్చడానికి వచ్చింది. కానీ ఆ ఆకారంలో ఒక లాభం కూడా దాగి ఉంది. ప్రతి కంప్యూటర్‌కూ తన తీగ తనది. ఒకటి తెగితే ఒకటే ఆగుతుంది, మిగతా ఆఫీసు నడుస్తూనే ఉంటుంది. తప్పు వెతకడానికి నిచ్చెన అక్కర్లేదు, పెట్టె దగ్గర ఏ దీపం ఆరిందో చూస్తే చాలు. ఇంతా చేశాక ఆ తీగ గాజే కానక్కర్లేదని కూడా అర్థమైంది.

1985లో ష్మిట్, ఆండ్రూ లడ్విక్ జెరాక్స్‌ను వదిలి సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదే సినాప్టిక్స్. వాళ్లు బయల్దేరింది ఫైబర్ ఈథర్నెట్ అమ్ముదామనే. అదే నక్షత్రం ఆకారంలో ఐబీఎం వాళ్ల తొడుగున్న రాగి జంటల మీద కూడా ఈథర్నెట్ నడుస్తుందని కనిపెట్టారు. 1987కల్లా తొడుగు కూడా లేని మామూలు టెలిఫోన్ జంట తీగల మీద 10 మెగాబిట్లు పారించారు. అమెరికా ఆఫీసుల్లో ప్రతి అంతస్తులో ఒక ఫోన్ గది, అక్కడి నుంచి టేబుల్ టేబుల్‌కూ మెలి జంటలు అప్పటికే ఉన్నాయి. నక్షత్రం గోడల్లో ముందే గీసి ఉందన్నమాట; నడిమి పెట్టె ఒక్కటే తక్కువ. 1990లో 10బేస్-టి ప్రమాణం వచ్చింది, 100 మీటర్ల హద్దుతో. మరుసటి ఏడాది అమెరికా టెలికాం పరిశ్రమల సంఘం కట్టడాల కేబులింగ్‌కు తొలి ప్రమాణం తెచ్చింది: గోడలో 90 మీటర్లు, రెండు కొసల ప్యాచ్ కార్డులకు 10 మీటర్లు. ఇవాళ్టికీ ఆఫీసు ప్లాన్ గీసేవాడు ర్యాక్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఆ అంకెతోనే. పసుపు తీగ నాలుగైదేళ్లలో కనుమరుగైంది.

గాజు పక్షం ఊరుకోలేదు. 10 మెగాబిట్ల దగ్గర రాగి గెలిస్తే గెలిచింది, 100 దగ్గర దాని వల్ల కాదన్నారు. ఎనభైల చివర్లో ఎఫ్‌డీడీఐ వచ్చింది: ఫైబర్ మీద 100 మెగాబిట్లు, రెండు ఉంగరాల దారి, ఒకటి తెగితే రెండోదాని మీద తిరిగొచ్చే ఏర్పాటు. నిజంగా మంచి వ్యవస్థ. కార్డు ధర మాత్రం కంప్యూటర్ ధరతో పోటీపడేది. ఇటు రాగి మీద అంత వేగం పంపితే తీగ రేడియో స్టేషన్‌లా ప్రసారం చేయడం మొదలెడుతుంది, ప్రభుత్వం ఒప్పుకోదు. దానికి విరుగుడు క్రెసెండో అనే చిన్న కంపెనీలో దొరికింది. మారియో మజోలా, లూకా కఫియేరో, ప్రేమ్ జైన్ అక్కడి ముఖ్యులు. సంకేతాన్ని రెండు మెట్ల బదులు మూడు మెట్లలో పైకీ కిందికీ నడిపితే, సెకనుకు 125 మిలియన్ సంకేతాలు పంపినా తీగ మీద ఊగే అలల ప్రధాన పౌనఃపున్యం 31.25 మెగాహెర్ట్జ్ దాటదు. ప్రసారం బెడద తగ్గింది. 1993లో సిస్కో మొట్టమొదటిసారి ఒక కంపెనీని కొన్నది, అది క్రెసెండోనే. 1995లో వచ్చిన ఫాస్ట్ ఈథర్నెట్ ఆ మూడు మెట్ల నడకనే తీసుకుంది. ఎఫ్‌డీడీఐ పుస్తకాల్లో మిగిలింది.

గిగాబిట్ దగ్గర ఫైబర్ ఒక ఏడాది ముందు నిలిచింది: దాని ప్రమాణం 1998లో, రాగిది 1999లో. రాగి ఈసారి చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నాలుగు జంటలనూ వాడి, ఒక్కో జంట మీద రెండు వైపుల నుంచీ ఒకేసారి మాట్లాడించారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే క్షణంలో గట్టిగా మాట్లాడుతూ, ఎవరికి వారు తమ గొంతును మనసులో తీసేసి ఎదుటివాడి మాట వినడం లాంటిది. ఆ తీసివేత అంతా చిప్ చేస్తుంది. అంటే తీగ అదే, తెలివి కొసల్లోని సిలికాన్‌లోకి మారింది. చిప్పులు ఏటేటా చవకబడుతున్నంత కాలం ఈ ఎత్తు పారుతుంది. రాగి మరణవార్త రాసినవాళ్లు తీగను కొలిచారు తప్ప చిప్పును లెక్కలోకి తీసుకోలేదు.

పది గిగాబిట్ల దగ్గర ఆ ఎత్తుకు ఎదురుదెబ్బ తగిలింది. ఫైబర్ ప్రమాణం 2002లోనే వచ్చింది, రాగిది 2006 దాకా రాలేదు. వచ్చాక కూడా మొదటి తరం చిప్పులు పోర్టుకు పది వాట్ల దాకా మింగేవి. అదే వేగానికి ఫైబర్ మాడ్యూల్‌కు ఒక వాట్ చాలు. 48 పోర్టుల స్విచ్‌లో ఆ తేడా ఎంతవుతుందో ఏసీ బిల్లు కట్టేవాడికి చెప్పక్కర్లేదు. పైగా కట్టలో పక్క కేబుల్ రొద కూడా ఇబ్బంది పెట్టడం మొదలైంది. క్యాట్ 6 మీద 55 మీటర్లకు మించి భరోసా లేదు, వంద మీటర్లు కావాలంటే లావుపాటి క్యాట్ 6ఎ వేయాలి. డేటా సెంటర్లలో ర్యాకుల మధ్య రాగి వెనక్కి తగ్గింది ఇక్కడే. 40 గిగాబిట్ల కోసం 2016లో క్యాట్ 8 అంటూ ఒకటి వచ్చింది, దాని హద్దు 30 మీటర్లు. ఆఫీసు మనుషులు దాని జోలికి పోనక్కర్లేదు.

అలాగని గాజుకు ముసలితనం రాదనుకుంటే పొరపాటు. ఎనభైల్లో, తొంభైల్లో 'భవిష్యత్తు కోసం' అని ఎందరో తమ భవనాల్లో 62.5 మైక్రాన్ల మల్టీమోడ్ ఫైబర్ వేయించారు. నడిమి భాగం వెడల్పు కాబట్టి వెలుతురు ఒకటే దారిలో కాక అనేక దారుల్లో పోతుంది. వేగం పెరిగేకొద్దీ ముందు వచ్చినదీ వెనక వచ్చినదీ కలిసిపోతాయి. పది గిగాబిట్ల దగ్గర ఆ పాత ఫైబర్ 33 మీటర్లు మించి పనికిరాలేదు, ఇంకాస్త పాతదైతే 26. భవిష్యత్తు వచ్చింది కానీ ఆ ఫైబర్‌కు కాదు. 50 మైక్రాన్ల ఓఎం3 వేసినవాళ్లకు 300 మీటర్లు దక్కింది. తొమ్మిది మైక్రాన్ల సన్న నడుముతో, వెలుతురుకు ఒకటే దారి ఇచ్చే సింగిల్‌మోడ్ వేసినవాళ్లు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. దశాబ్దాల నాటి సింగిల్‌మోడ్ మీద కొసల్లో పరికరాలు మార్చి 10, 100 గిగాబిట్లు పంపేస్తున్నారు. ఒకప్పుడు దాని లేజర్లు ఖరీదని అందరూ మల్టీమోడ్ వైపు పోయారు. ఇప్పుడు ఆ ధరలు దిగొచ్చాయి.

ఇంతలో రాగికి ఎవరూ ఊహించని ఆధారం ఒకటి దొరికింది. 2003లో లాన్ కేబుల్ మీదే కరెంటు కూడా పంపే ప్రమాణం వచ్చింది, 15.4 వాట్లు. 2009లో 30, 2018లో 90 వాట్లు. ఐపీ ఫోను, సీసీ కెమెరా, సీలింగ్‌కు వేలాడే వైఫై పెట్టె, తలుపు దగ్గర వేలిముద్ర యంత్రం, అన్నిటికీ ప్లగ్గు లేకుండా ఒకటే తీగతో పని జరిగిపోతుంది. గాజు పోగు ఎన్ని గిగాబిట్లు మోసినా వైఫై పెట్టెను వెలిగించేంత కరెంటు మోయలేదు. ల్యాప్‌టాప్‌లొచ్చి టేబుల్ దగ్గర తీగ అవసరం తగ్గిందంటారు. నిజమే, కానీ ఆ తీగ పోయి సీలింగ్ ఎక్కింది. 2016లో 2.5, 5 గిగాబిట్ల ప్రమాణం వచ్చింది అందుకే: గోడల్లో ఉన్న పాత క్యాట్ 5ఈ తీయకుండానే కొత్త వైఫై పెట్టెలకు 2.5 గిగాబిట్లు అందించడానికి.

మన దగ్గరికొచ్చేసరికి ఈ కథలో ఇంకో రెండు సంగతులు కలుస్తాయి.

ఒకటి పిడుగు. రెండు భవనాలున్న ఆఫీసులో ఒకదాని నుంచి ఇంకొకదానికి రాగి తీగ లాగితే, రెండు చోట్లా ఎర్తింగ్ ఒకేలా ఉండదు. తొలకరి ఉరుముల్లో ఆ తేడా ఒక్క క్షణం వేల వోల్టులకు పోతే రెండు కొసల్లో స్విచ్ పోర్టులు మాడిపోతాయి. గాజుకు కరెంటు పారదు కాబట్టి ఆ గొడవ లేదు. ఒకప్పుడు ఇది తెలిసినా ఫైబర్ జోడించే మనిషి దొరికేవాడు కాదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా పోగులు లాగి, ప్రైవేటు కంపెనీలు ఇంటింటికీ తీసుకొచ్చి, స్ప్లైసింగ్ తెలిసిన కుర్రాళ్లను మండల కేంద్రాల దాకా తయారుచేశాయి. ఆ పని దగ్గర నిలబడి చూడాల్సిందే. రంగు పూత గీకేసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో కిర్రుమనేలా తుడిచి, కొసను క్లీవర్‌తో నున్నగా తెంపి, వెంట్రుకలాంటి రెండు కొసలను మెషిన్‌లో ఎదురెదురుగా పెడతాడు. తెర మీద అవి రెండు దూలాలంత కనిపిస్తాయి. మెషిన్ తనే వాటిని వరసకు తెచ్చి, చిటుక్కున నిప్పురవ్వ వేసి అతికిస్తుంది. తెర మీద 0.02 డెసిబెల్ అని నష్టం చూపిస్తుంది. పైన సన్న గొట్టం తొడిగి వేడిచేస్తే అయిపోయినట్టే, నాలుగైదు నిమిషాల పని.

రెండోది కల్తీ. మార్కెట్లో సగం ధరకు దొరికే క్యాట్ 6 డబ్బాల్లో చాలావాటిలో ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. డబ్బా మీద సీసీఏ అని కనిపించీ కనిపించనట్టు రాస్తారు, లేదా అసలు రాయరు. 305 మీటర్ల డబ్బాను చేత్తో ఎత్తితేనే తేలిక తెలిసిపోతుంది. తీగ కొసను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియం నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. డేటా కొన్నాళ్లు నడుస్తుంది. దాని మీద 60, 90 వాట్ల కరెంటు పంపి, అలాంటివి యాభై కలిపి కట్ట కట్టి ఫాల్స్ సీలింగ్‌లో పెడితే అది వేడెక్కుతుంది. కేబులింగ్ ప్రమాణాలేవీ దీన్ని ఒప్పుకోవు.

ఇంత చెప్పాక నా తీర్పు చెప్పకపోతే బాగుండదు. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య, భవనానికీ భవనానికీ మధ్య, 90 మీటర్లు దాటిన ప్రతిచోటా సింగిల్‌మోడ్ ఫైబరే వేయండి, అవసరానికి రెండింతల పోగులతో. తవ్వే ఖర్చే అసలు ఖర్చు, పోగుల ఖర్చు కాదు. ర్యాక్ నుంచి టేబుల్‌కు, కెమెరాకు, వైఫై పెట్టెకు నిఖార్సైన రాగి వేయండి: కొత్తగా లాగేదైతే క్యాట్ 6ఎ, చిన్న ఆఫీసైతే క్యాట్ 6 చాలు. గోడలో మంచి క్యాట్ 5ఈ ఉండి పని నడుస్తుంటే పీకకండి. టేబుల్ దాకా ఫైబర్ అన్నవాడిని, ఆ కొసన ఉన్న ఫోనుకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో అడగండి. ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టేముందు ప్రతి పాయింటుకూ టెస్ట్ రిపోర్టు ఇమ్మనండి, దీపం వెలిగింది కదా అంటే ఒప్పుకోకండి.